క్లాస్ లెక్క ఒకచోట, ఫీజు లెక్క ఇంకోచోట: ఆన్‌లైన్ ట్రైనింగ్ నడిపేవాళ్లు ఏ డేటా టూల్ ఎంచుకోవాలి?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో తిరిగినవాళ్లకు తెలుసు, ఒకప్పుడు ఏ కోర్సు ఆడుతోందో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్లాస్‌రూమ్ తలుపు దగ్గర నిలబడితే చాలు. డెమో రోజు మెట్ల దాకా జనం, మూడో రోజుకి వెనక బెంచీలు ఖాళీ, రెండో వారానికి ఎన్ని కుర్చీలు మిగిలాయో కళ్లతోనే లెక్క. 2020లో లాక్‌డౌన్ వచ్చి క్లాసులు జూమ్‌లోకి వెళ్లాక ఆ తలుపు లేకుండా పోయింది. డాలస్‌లో ఓపీటీ (చదువయ్యాక పనిచేసే తాత్కాలిక అనుమతి) మీద ఉన్న కుర్రాడు, విజయనగరంలో చంటిబిడ్డను చూసుకుంటున్న అమ్మాయి, గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే ఉద్యోగి ఇప్పుడు ఒకే బ్యాచ్‌లో ఉంటారు. అందరి కెమెరాలూ ఆఫ్.

నేను ఒక చిన్న ఆన్‌లైన్ ట్రైనింగ్ సెంటర్‌లో కొన్నేళ్లు అడ్మిషన్ల లెక్క, హాజరు లెక్క చూశాను. ఒక నెలాఖరు మీటింగ్ ఇప్పటికీ గుర్తుంది. కౌన్సెలర్ "టార్గెట్ దాటేశాం సార్" అంది. ఫ్యాకల్టీ "నా బ్యాచ్ ఫుల్ అండీ" అన్నారు. యజమాని మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. అడ్మిషన్లు వచ్చాయి, మొదటి వారం బ్యాచ్ నిండింది, రెండో ఇన్‌స్టాల్‌మెంట్ మాత్రం చాలామంది కట్టలేదు. ఎందుకు కట్టలేదో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. కౌన్సెలర్ షీట్‌లో ఆ మనుషులు ఫోన్ నంబర్లు. పాఠాలు, క్విజ్‌లు పెట్టే ప్లాట్‌ఫామ్‌లో, అంటే ఎల్‌ఎంఎస్‌లో, ఈమెయిల్ ఐడీలు. జూమ్ రిపోర్టులోనైతే చాలామంది వాళ్లు వాడే ఫోన్ మోడల్ పేర్లు. అప్పటికే మేం డబ్బు పెట్టి ఒక డ్యాష్‌బోర్డ్ కొన్నాం. రంగురంగుల గ్రాఫులు బాగానే ఉండేవి, కానీ ఆ ఒక్క ప్రశ్నకు అందులో జవాబు లేదు.

అప్పటినుంచి ఏ టూల్ చూసినా నేను ఒక్కటే అడుగుతాను: ఎంక్వైరీ చేసిన మనిషి, క్లాసుకు వచ్చిన మనిషి, ఫీజు కట్టిన మనిషి ఒక్కరేనని ఇది గుర్తుపడుతుందా? గుర్తుపట్టేది ఉచితంగా దొరికే షీట్ అయినా మంచి టూలే. గుర్తుపట్టలేనిది ఎంత ఖరీదైనదైనా మన మీటింగ్‌లో గోడకు వేలాడే క్యాలెండర్‌తో సమానం.

కొనకముందు చేయాల్సిన పని

మన దగ్గర మనిషిని గుర్తుపట్టడానికి అన్నిటికంటే నమ్మకమైనది ఫోన్ నంబర్. ఈమెయిల్ మారుస్తారు, మర్చిపోతారు, అన్నయ్యది ఇస్తారు. వాట్సాప్ నంబర్ మాత్రం మార్చరు. అందుకే అన్ని చోట్లా నంబరే తాళంచెవి కావాలి. ఈ పని వినడానికి చిన్నది, చేయబోతే తలనొప్పి. ఒకరు ముందు సున్నా పెడతారు, ఒకరు +91, ఇంకొకరు మధ్యలో ఖాళీలు. చివరి 10 అంకెలు తీసుకుంటే సరిపోతుందని మేమూ మొదట అనుకున్నాం. అమెరికా నంబర్లు కూడా 10 అంకెలే కాబట్టి అక్కడ దెబ్బతిన్నాం. దేశం కోడ్‌కి వేరే కాలమ్ పెట్టండి. కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంచండి. లేకపోతే 91 కలిపిన 12 అంకెల నంబర్‌ని ఎక్సెల్ దశాంశం, ఘాతాంకం పెట్టి సైన్సు పుస్తకంలో అంకెలా చూపిస్తుంది.

జూమ్ సంగతి ఇంకొంచెం మొండిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, ప్రతి విద్యార్థికి సొంత లింక్ పంపితే ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో రిపోర్టులో పేరుతో వస్తుంది. అందరికీ ఒకే లింక్ గ్రూపులో పడేస్తే "గెలాక్సీ" అనే విద్యార్థి మూడు బ్యాచ్‌లలో నూటికి నూరు శాతం హాజరు సాధిస్తాడు.

ఈ శుభ్రత లేకుండా ముందుకు వెళితే కింద చెప్పేవాటిలో ఏది ఎంచుకున్నా ఒకటే ఫలితం.

షీట్: తక్కువగా చూడొద్దు

నెలకు రెండు మూడు వందల ఎంక్వైరీలు, నాలుగైదు బ్యాచ్‌లు ఉన్న సెంటర్‌కి గూగుల్ షీట్స్ గానీ ఎక్సెల్ గానీ చాలు. దీన్ని తాత్కాలిక ఏర్పాటు అని నేను అనను, చాలామందికి ఇదే శాశ్వత ఏర్పాటు. గూగుల్ షీట్‌లో కోటి సెల్స్ పడతాయి, ఎక్సెల్‌లో 10,48,576 వరుసలు. ఈ సైజు సెంటర్‌కి ఆ హద్దు చాలా దూరం.

మూడు ట్యాబ్‌లు పెట్టుకుంటే సరిపోతుంది. ఒకటి ఎంక్వైరీలు: నంబర్, ఎక్కడినుంచి వచ్చారు, ఎన్ని గంటలకు అడిగారు, మనం మొదటిసారి ఎన్ని గంటలకు ఫోన్ చేశాం, ఎవరు చేశారు. రెండోది హాజరు: నంబర్, తేదీ, ఎన్ని నిమిషాలు. మూడోది డబ్బు: నంబర్, తేదీ, ఎంత. మూడింటినీ ఎక్స్‌లుకప్ ఫార్ములాతోనో, లెక్కల్ని గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్‌తోనో కలుపుకోవచ్చు.

మా కేసులో జవాబు దొరికింది అక్కడే. మొదటి వారం ఐదు క్లాసుల్లో మూడు కూడా పూర్తిగా కూర్చోనివాళ్లే రెండో ఇన్‌స్టాల్‌మెంట్ ఎగ్గొట్టినవాళ్లలో ఎక్కువ. అంటే ఫీజు గడువు రోజున కౌన్సెలర్ చేసే ఫోన్‌కి అప్పటికే కాలం చెల్లిపోయింది. ఆ ఫోన్ మొదటి శనివారమే వెళ్లాలి, అదీ డబ్బు అడగడానికి కాదు, "బ్యాకప్ వీడియో చూశారా, ఇన్‌స్టాలేషన్ అయిందా" అని అడగడానికి. సగంమంది ఆగిపోయింది సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో ఎక్కకే. పాఠం కష్టమై మానేశారని ఫ్యాకల్టీ, డబ్బుల్లేక మానేశారని కౌన్సెలర్ అనుకుంటూ వచ్చారు. ఈ సంగతి చెప్పింది ఒక మామూలు పివట్ టేబుల్.

షీట్‌కి ఉన్న జబ్బు మనుషులే. ఎవరైనా మిగతావి వదిలేసి ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే నంబర్లు ఒకరివి, ఫీజులు ఇంకొకరివి అయిపోతాయి. 03/04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్న గొడవ, అమెరికా బ్యాచ్ ఉన్న ప్రతి సెంటర్‌లోనూ ఒకసారైనా వస్తుంది. పెద్ద సంస్థలూ దీనికి అతీతం కాదు. 2020 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్ హద్దు దాటిన వరుసలు చప్పుడు చేయకుండా రాలిపోయి, దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. అందుకే ఒకరే తాళాలు పెట్టుకునే ట్యాబ్, అందరూ నింపే ట్యాబ్ వేరువేరుగా ఉంచండి. నింపడానికి గూగుల్ ఫామ్ ఇవ్వండి, షీట్‌ని చేతికివ్వకండి.

ఎల్‌ఎంఎస్ తనంతట తానే ఇచ్చే రిపోర్టులు

కోర్సులు ఏదో ఒక ప్లాట్‌ఫామ్ మీద నడుపుతుంటే దానిలోనే రిపోర్టులు ఉంటాయి. ఆస్ట్రేలియాలో పుట్టి 2002లో బయటికొచ్చిన మూడుల్‌నే తీసుకోండి. ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఖర్చు లేదు. ఎవరు ఏ పాఠం తెరిచారు, ఏ క్విజ్‌లో ఏ ప్రశ్న దగ్గర తప్పారు, ఎవరు ఎక్కడ ఆగారు అన్నీ చెబుతుంది. సర్వర్ అద్దె, దాన్ని చూసుకునే మనిషి జీతం మాత్రం మనమే భరించాలి.

క్విజ్ ప్రశ్నల విశ్లేషణ దీనిలో నాకు బాగా నచ్చింది. బ్యాచ్ మొత్తం ఒకే ప్రశ్న తప్పు చేస్తే తప్పు బ్యాచ్‌ది కాదు, ఆ రోజు పాఠానిది, లేదా ప్రశ్నలోనే ఏదో మెలిక ఉంది. ఈ సంగతి షీట్ మీకు ఎప్పటికీ చెప్పలేదు. మూడుల్‌లో 2017లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి, మానేసే ప్రమాదంలో ఉన్న విద్యార్థుల్ని ముందే పసిగట్టే ఏర్పాటు కూడా ఉంది. పేరు వినగానే యజమానులకు మోజు పుడుతుంది. అది మన సెంటర్‌లో ముగిసిన పాత కోర్సుల డేటా చూసి నేర్చుకోవాలి. ఏడాదికి ఎనిమిది బ్యాచ్‌లు నడిపే చోట అది నేర్చుకునేంత సరుకు ఉండదు. మొదటి వారం హాజరు చూసి ఫోన్ చేయడం దానికంటే చవక, అంతకంటే త్వరగా అవుతుంది.

కంపెనీలకు ట్రైనింగ్ అమ్మేవాళ్లైతే స్కార్మ్, ఎక్స్‌ఏపీఐ అన్న మాటలు వింటారు, ఎవరు ఏం నేర్చుకున్నారో నమోదు చేసే పద్ధతుల పేర్లవి. పాత స్కార్మ్ ముఖ్యంగా పూర్తయిందా, మార్కులెన్ని అని చెబుతుంది. 2013లో మొదటి పూర్తి వెర్షన్‌గా వచ్చిన ఎక్స్‌ఏపీఐ ఎల్‌ఎంఎస్ బయట జరిగే పనినీ నమోదు చేయగలదు. విద్యార్థులకు నేరుగా కోర్సులు అమ్మే సెంటర్‌కి ఈ రెండిటితో పెద్ద పని ఉండదు.

ఎల్‌ఎంఎస్ రిపోర్టుల లోటు ఏమిటంటే వాటికి అమ్మకం అంటే తెలియదు. ఈ విద్యార్థి స్నేహితుడు చెబితే వచ్చాడా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి వచ్చాడా అన్నది అక్కడ ఉండదు. పూర్తిచేసినవారి శాతం చూసి కుంగిపోవడం కూడా తగదు. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో వచ్చిన పరిశీలనలో, 2017-18లో చేరినవాళ్లందరిలో చివరిదాకా వచ్చింది సుమారు 3 శాతం. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టినవాళ్లలో అది 46 శాతం. డబ్బు కట్టినవాడు, ఊరికే చేరినవాడు ఒకే బుట్టలో ఉంటే ఆ శాతానికి అర్థం లేదు. డెమోకు వచ్చినవాళ్లను, ఫీజు కట్టినవాళ్లను కలిపి చూపించే రిపోర్టును నేనైతే మూసేస్తాను.

సీఆర్‌ఎం: ఫాలో-అప్ మర్చిపోయే ఇంటికి

"ఇంట్లో అడిగి చెప్తా సార్", "సాలరీ పడ్డాక జాయిన్ అవుతా అన్నా", "నెక్స్ట్ బ్యాచ్ ఎప్పుడు మేడమ్". కౌన్సెలర్ రోజంతా వినేది ఈ మాటలే. వీటిలో నిజంగా ఐదో తారీఖున ఫోన్ చేస్తే కట్టేవాళ్లుంటారు. ఆ ఫోన్ వెళ్లదు, ఎందుకంటే అది డైరీలో ఎక్కడో ఉంది. ప్రతి ఎంక్వైరీ చరిత్ర దాచి, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేరే సీఆర్‌ఎం. దాన్ని కొనడానికి సరైన కారణం ఇదొక్కటే. గ్రాఫుల కోసం కొనొద్దు.

త్వరగా పలకడం ఎంత ముఖ్యమో చెప్పే లెక్క ఒకటి తరచూ వినిపిస్తుంది. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన వ్యాసం ప్రకారం, అమెరికాలో 2,241 కంపెనీలకు ఎంక్వైరీ పంపి చూస్తే 23 శాతం అసలు జవాబే ఇవ్వలేదు. గంటలోపు పలికినవాళ్లకు, ఆ తర్వాత ప్రయత్నించినవాళ్లకంటే కొనగల మనిషితో మాట కలిసే అవకాశం దాదాపు 7 రెట్లు. ఈ 7ని తీసుకొచ్చి మన సెంటర్‌లో గోడమీద రాయక్కర్లేదు. త్వరగా పలికే కంపెనీ మిగతా పనులూ చక్కగా చేసే కంపెనీ అయ్యుండొచ్చు. అడిగిన సమయం, ఫోన్ చేసిన సమయం మన దగ్గర నమోదైతే మన సంఖ్య ఎంతో మనకే తెలుస్తుంది. సీఆర్‌ఎం ఈ రెండు సమయాల్నీ తనే రాసుకుంటుంది. షీట్‌లో మనిషి రాయాలి, పని ఒత్తిడిలో రాయడు.

జోహో సీఆర్‌ఎం, దాని చిన్న తమ్ముడు బిగిన్ మన దగ్గర చిన్న సెంటర్లు ఎక్కువగా చూసేవాటిలో ఉన్నాయి. చెన్నై కంపెనీ, రూపాయల్లో బిల్లు. ఇంకా చాలా ఉన్నాయి. ఏది చూసినా ట్రయల్‌లోనే రెండు పనులు చేయించండి. మన వెబ్ ఫామ్ నుంచి లీడ్, అంటే ఎంక్వైరీ చేసిన మనిషి వివరం, తనంతట తాను పడుతుందా? మొత్తం డేటాను ఎక్సెల్‌లో తెరవగలిగే సీఎస్‌వీ ఫైల్‌గా ఒక్క నొక్కుతో బయటికి తీసుకోవచ్చా? రెండోది కుదరకపోతే ఆ గుమ్మం తొక్కకండి, రేపు మారాలంటే మన విద్యార్థుల చరిత్ర వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ఇద్దరు కౌన్సెలర్లలోపు ఉంటే షీట్‌తో, ఫోన్‌లో రిమైండర్‌తో నెట్టుకురావచ్చు. ముగ్గురు దాటారంటే, ఒకే లీడ్‌కి ఇద్దరు ఫోన్ చేసి వేర్వేరు డిస్కౌంట్లు చెప్పే రోజు దగ్గర్లోనే ఉంది. అప్పుడు సీఆర్‌ఎం మీద పెట్టే ఖర్చు దండగ కాదు.

వెబ్‌సైట్, వీడియోల లెక్క

వెబ్‌సైట్‌కి ఎంతమంది, ఎక్కడినుంచి వచ్చారో చూపే గూగుల్ అనలిటిక్స్ ఉచితం. పాత రకం 2023 జూలై 1తో ఆగిపోయి, ఇప్పుడున్నది జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4). దీన్ని పెట్టిన రోజే ఒక సెట్టింగ్ మార్చండి. ఎక్స్‌ప్లోరేషన్ల (మనమే కట్టుకునే రిపోర్టుల) కోసం డేటా నిల్వ మామూలుగా 2 నెలలే ఉంటుంది, దాన్ని 14 నెలలు చేసుకోవచ్చు. నిరుడు సంక్రాంతి తర్వాత వచ్చిన ఎంక్వైరీలతో ఈ ఏడాదివి పోల్చుకోవాలంటే ఇది కావాలి.

ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు జీఏ4లోకి పంపడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. అంటే మన తాళంచెవి అక్కడ పనిచేయదు. దారి ఏమిటంటే, ప్రకటన లింకు చివర, మనిషి ఏ దారిలో వచ్చాడో చెప్పే యూటీఎం తోకలు తగిలించి, ఎంక్వైరీ ఫామ్‌లో కనపడని గడిలో ఆ తోకను పట్టుకుని, నంబర్‌తో పాటు షీట్‌లోకో సీఆర్‌ఎంలోకో పంపించాలి. ఈ తోక లేకపోతే వాట్సాప్‌లో పంచుకున్న లింకుల్లో చాలావరకు "డైరెక్ట్" అనే ఖాతాలో పడిపోతాయి. మన దగ్గర నోటిమాట ప్రచారం నడిచేదే వాట్సాప్‌లో కాబట్టి, ఊరి పేరు లేని ఆ "డైరెక్ట్"ని చూసి ప్రకటనలకు బడ్జెట్ పెంచేవాళ్లను చూశాను.

పేజీలో ఎక్కడిదాకా చదివారు, ఏ బటన్ నొక్కబోయి వెనక్కి తగ్గారు అన్నది చూడాలంటే మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉంది, అదీ ఉచితమే. ఫీజు పేజీలో జనం ఏం వెతుకుతున్నారో ఒక పది రికార్డింగులు చూస్తే అర్థమవుతుంది. మా దగ్గర వెతికింది ఫీజు కాదు, బ్యాచ్ టైమింగ్.

డెమోలు యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు యూట్యూబ్ స్టూడియోలో, ఎక్కడిదాకా చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ వస్తుంది, అన్‌లిస్టెడ్ వీడియోలకు కూడా. ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణ సెషన్లు చూసి 2014లో చేసిన పరిశోధన, 6 నిమిషాల లోపు వీడియోలనే ఎక్కువమంది నిలబడి చూస్తారని తేల్చింది. మన రెండు గంటల క్లాస్ రికార్డింగ్‌ని అది విని ముక్కలు చేయాలని లేదు. బ్యాకప్ వీడియో చూసేవాడు ల్యాబ్ భాగం దగ్గరికి దూకి చూస్తాడు, గ్రాఫ్‌లో అక్కడ గుట్ట లేస్తుంది. ఆ గుట్టల దగ్గర టైమ్‌స్టాంప్ పెట్టడం అరగంట పని.

డ్యాష్‌బోర్డ్ టూల్స్: ఎవరికి, ఎందుకు

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ఎల్‌ఎంఎస్ ఒకవైపు, సీఆర్‌ఎం ఒకవైపు, పేమెంట్ గేట్‌వే ఒకవైపు పెరిగిపోయి, ప్రతి సోమవారం ఒకరు మూడు గంటలు కూర్చుని అన్నీ కాపీ చేసి కలుపుతుంటే, అప్పుడు వీటి అవసరం వచ్చినట్టు. అంతకుముందు కాదు.

గూగుల్ షీట్స్, జీఏ4 మీద నడిచే ఇంటికి లుకర్ స్టూడియో సులువు. 2022 దాకా దీని పేరు డేటా స్టూడియో. ఉచితం, బ్రౌజర్‌లోనే పని. వేర్వేరు చోట్ల డేటాను కలపడం మొదలుపెడితే నెమ్మదిస్తుంది, లెక్కలు కాస్త గజిబిజి అవుతాయి. కలిపే పని షీట్‌లోనే ముగించి, చూపించే పని మాత్రమే దీనికిస్తే హాయి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ బలం కలపడంలోనే ఉంది. దానిలోని పవర్ క్వెరీ అనే భాగంలో నంబర్ శుభ్రంచేసే మెట్లు ఒకసారి రాస్తే ప్రతిసారీ అవే నడుస్తాయి. డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం, విండోస్‌లో మాత్రమే. ఇంకొకరితో పంచుకోవాలంటే ప్రో లైసెన్స్ కావాలి. 2025 ఏప్రిల్‌లో దాని ధర మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14కి పెరిగింది. డబ్బు మిగిల్చుకోవడానికి కొందరు "పబ్లిష్ టు వెబ్" నొక్కి లింకు పంపుకుంటారు. ఆ లింకు ప్రపంచంలో ఎవరైనా తెరవగలరు. విద్యార్థుల నంబర్లున్న రిపోర్టును అలా పెట్టడమంటే నోటీసు బోర్డుకు అంటించినట్టే. ఇంకో మాట, పవర్ బీఐ నేర్పే సెంటర్లలోనే సొంత లెక్కలకు దాన్ని వాడనివాళ్లు చాలామంది ఉన్నారు. ఫ్యాకల్టీని అడిగితే ఒక వారాంతంలో కట్టిపెడతారు, ఆ రిపోర్టే తర్వాతి బ్యాచ్‌కి ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది, నంబర్లు, పేర్లు తీసేశాక.

మూడుల్ లాంటిది సొంత సర్వర్ మీద పెట్టుకుని, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ తెలిసిన మనిషి ఉన్నవాళ్లు మెటాబేస్ చూడండి. ఓపెన్ సోర్స్, నేరుగా డేటాబేస్‌ని అడగొచ్చు. ఎస్‌క్యూఎల్ మనిషి లేకపోతే వద్దు. జోహో సీఆర్‌ఎం ఇప్పటికే ఉంటే జోహో అనలిటిక్స్ అతుకు సులువుగా పడుతుంది. ట్యాబ్లో (Tableau) అనే టూల్ చాలా మంచిదే, కానీ ఈ సైజు వ్యాపారానికి ఎద్దుల బండికి విమానం చక్రం.

అంకె సరిగ్గానే ఉంటుంది, తీర్పే తప్పుతుంది

టూల్ ఎంపికలో, రిపోర్టు ఎంత లోతుకు దిగుతుందన్నది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను, అంకెలు అర్థమవడానికి వేసుకున్నవే. ఇద్దరు కౌన్సెలర్లు, చెరో 100 లీడ్స్. మొదటి ఆమెకు 20 అడ్మిషన్లు, రెండో ఆయనకు 14. ఇన్సెంటివ్ ఎవరికిస్తారు? ఇప్పుడు లీడ్స్ విడదీయండి. ఆమెకు వచ్చినవాటిలో 80 తెలిసినవాళ్లు చెబితే వచ్చినవి, 20 ప్రకటనలవి. మొదటి రకంలో 19, రెండో రకంలో 1 అయ్యాయి. ఆయనకు 20 తెలిసినవాళ్లవి, 80 ప్రకటనలవి. మొదటి రకంలో 6, రెండోదాంట్లో 8. శాతాలు చూస్తే తెలిసినవాళ్ల లీడ్స్‌లో ఆమెకు 24, ఆయనకు 30. ప్రకటనల్లో ఆమెకు 5, ఆయనకు 10. రెండు రకాల్లోనూ ఆయనే మెరుగు, మొత్తంలో ఆమె ముందు. కాబట్టి ఏ టూల్ డెమో చూపించినా "కౌన్సెలర్ వారీగా, అందులో మళ్లీ లీడ్ వచ్చిన దారి వారీగా చూపించండి" అని అడగండి. రెండు మెట్లు దిగలేని రిపోర్టుతో జీతాలు, ఇన్సెంటివ్‌లు నిర్ణయిస్తే మంచి మనిషి ఉద్యోగం మానేస్తాడు.

రెండోది, తొందర. కొత్త డెమో స్క్రిప్టుతో ఈ వారం నూటికి 6 అయ్యాయి, పోయిన వారం 4 అయ్యాయి, స్క్రిప్టు సూపర్ అంటారు. 4 శాతం నిజంగా 6 అయిందని కాస్త నమ్మకంగా చెప్పాలంటే పాతదానికి, కొత్తదానికి చెరో 1,900 లీడ్స్ దాకా కావాలి. నెలకు 300 ఎంక్వైరీలొచ్చే చోట అది ఏడాది పైమాట. అందుకే చిన్న సెంటర్లకు ఏ/బీ టెస్టింగ్ (రెండు రకాలు నడిపి ఏది మెరుగో పోల్చడం) పేరుతో అమ్మే ప్యాకేజీలు నేను వద్దంటాను. ఆ డబ్బుతో మానేసిన ఇరవైమందికి ఫోన్ చేయించండి.

ఫీడ్‌బ్యాక్ ఫామ్ సంగతి కూడా. చివరి రోజు ఫామ్ ఇస్తే అన్నీ ఐదు చుక్కలే, ఎందుకంటే నచ్చనివాళ్లు మూడో వారంలోనే వెళ్లిపోయారు. ట్రైనింగ్‌ని కొలవడానికి డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో ఇది మొదటిది మాత్రమే: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడారా, ఫలితం వచ్చిందా. మన వ్యాపారంలో నాలుగోది ఇంటర్వ్యూ కాల్, ఉద్యోగం. అది బ్యాచ్ అయిపోయిన మూడు నెలలకు వాట్సాప్‌లో అడిగితేనే తెలుస్తుంది, ఏ టూల్ తనంతట తాను తెచ్చివ్వదు.

అమెరికా బ్యాచ్ నడిపేవాళ్లకు ఒక చిన్న జాగ్రత్త. మనకు ఉదయం 6.30 క్లాస్, వేసవి కాలమానంలో డాలస్‌కి ముందురోజు రాత్రి 8. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది, క్లాస్ వాళ్లకు 7 అవుతుంది. ఆ వారం హాజరు తగ్గితే ఫ్యాకల్టీని పిలిచి టెన్షన్ పెట్టకండి.

ఇక చట్టం. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు కూడా వచ్చాయి, అవి దశలవారీగా అమల్లోకి వచ్చేవి. 18 ఏళ్ల లోపువాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, భద్రత పాటించకపోతే జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. ఇంటర్ పిల్లలకు కోడింగ్ నేర్పే సెంటర్లు ఎంక్వైరీ ఫామ్‌లో పుట్టిన తేదీ గడి పెట్టక తప్పదు. ఉద్యోగం మానేసిన కౌన్సెలర్ ఫోన్‌లో పాత షీట్ లింకు ఇంకా తెరుచుకుంటోందేమో కూడా ఈ రోజే చూడండి.

నేనైతే ఏది ఎంచుకుంటానంటే

ఒక్క ఫ్యాకల్టీ, తనే యజమాని, తనే కౌన్సెలర్ అయితే: షీట్, రిజిస్ట్రేషన్‌తో జూమ్, యూట్యూబ్ స్టూడియో. అంతే. ఒక్క రూపాయి సాఫ్ట్‌వేర్ మీద పెట్టొద్దు.

ముగ్గురు నలుగురు కౌన్సెలర్లు, నెలకు ఐదారు వందల ఎంక్వైరీలు, ప్రకటనలకు ఖర్చు: మొదట సీఆర్‌ఎం, దానికి యూటీఎం పట్టే ఫామ్, హాజరు మాత్రం షీట్‌లోనే. సీఆర్‌ఎం ఎగుమతిని, హాజరును వారానికోసారి కలిపి లుకర్ స్టూడియోలో ఒకే పేజీ. అడ్మిషన్‌కి ఎంత ఖర్చయిందో చూసేటప్పుడు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజులోంచి 18 శాతం పన్ను తీసేసి లెక్కకట్టండి. పన్నుతో కలిపి రూ.15,000 తీసుకుంటే మన చేతికొచ్చేది రూ.12,712. ఈ తేడా పట్టించుకోకుండా లాభం ఉందనుకుని నడిపిన ప్రకటనలు ఎన్నో.

సొంత ఎల్‌ఎంఎస్, పదిమందికి పైగా సిబ్బంది, కంపెనీలకూ ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు: పవర్ బీఐ లేదా జోహో అనలిటిక్స్, దాన్ని చూసుకోవడానికి కనీసం సగం రోజు కేటాయించిన ఒక మనిషి. మనిషి లేకుండా టూల్ తీసుకోవద్దు. బయటి ఫ్రీలాన్సర్‌తో కట్టించుకుంటే మొదటి నెల బాగుంటుంది, ఎల్‌ఎంఎస్‌లో ఒక కాలమ్ పేరు మారగానే రిపోర్టు ఆగిపోతుంది, ఆయన వేరే ప్రాజెక్టులో ఉంటారు.

వార్షిక ప్లాన్ మీద డిస్కౌంట్ ఇస్తామంటే మొదటిసారి ఒప్పుకోకండి, నెలవారీగానే తీసుకోండి. పవర్ బీఐలో రిపోర్టును ఎవరు ఎన్నిసార్లు తెరిచారో చూపించే యూసేజ్ మెట్రిక్స్ ఉంటుంది, మిగతావాటిలో కూడా వెతికితే అలాంటిదే ఏదో దొరుకుతుంది. రెన్యువల్ మెయిల్ వచ్చిన రోజు ముందు అది తెరవండి. మేం కొన్న మొదటి డ్యాష్‌బోర్డ్‌ని చివరి మూడు నెలల్లో తెరిచింది నేనొక్కడినే, అదీ పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూడటానికి.